ఆమ్లాలు, క్షారాలు, ఆమ్లెట్లు

‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ అనే పాఠం చెప్పడానికి ముందు పెదరాగిగుమ్మ హైస్కూలు సైన్సు మాస్టారు తవిటినాయుడు చెయ్యవలసిన పనులు ఇవి:

పదో తరగతి పిల్లలకి ఆ పాఠంలో ఏది ఇష్టమో అడిగి, కాగితం మీద రాయించాలి. పాఠమే చెప్పనప్పుడు వాళ్ళకెలా తెలుస్తుందని ఎదురు అడగకూడదు.

ఆ కాగితాలన్నీ ట్యాబ్‌తో ఫొటోలు తీసి ‘దత్తాంశ దీపిక’ అనే యాప్‌లోకి ఎక్కించాలి.

ఎక్కిస్తుండగా తన ఫొటో ఒకటి తీయించుకుని అదీ ఎక్కించాలి. ఫొటోలో నవ్వుతూ ఉండాలి.

యాప్ ఇచ్చిన విశ్లేషణని రంగుల్లో అచ్చు వేయించి గోడకి అంటించాలి.

విశ్లేషణ ప్రకారం పాఠ్యప్రణాళిక రాసి జిల్లాకి పంపాలి.

జిల్లా ఒప్పుకున్నాక, పనిదినాలు మిగిలుంటే, పాఠం చెప్పాలి.

తవిటినాయుడికి ఇది మొదటి ఉద్యోగం. వాళ్ళ ఇంటిపేరుతో డిగ్రీ పట్టా మీద అచ్చయిన మొదటి పేరు కూడా అతనిదే. అందుకని పైనుంచి వచ్చే ఉత్తర్వులంటే అతనికి గౌరవం. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఊరికే రాస్తారా, మనకి అర్థం కాకపోతే మన లోపమే అనుకునే రకం. ప్రొబేషన్ ఇంకా ఖరారు కాలేదు కాబట్టి ఆ గౌరవం మరికాస్త ఎక్కువ.

ఒకరోజు పొద్దున్నే పదో తరగతిలోకి వెళ్ళి, బోర్డు మీద పాఠం పేరు పెద్ద అక్షరాలతో రాసి, కాగితాలు పంచాడు.

“ఈ పాఠంలో మీకు బాగా ఇష్టమైనదేదో రాయండర్రా.”

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. “పాఠం చెప్పలేదు కద సార్,” అన్నాడు వెనక బెంచీవాడొకడు.

“చెప్పకముందే ఇష్టపడాలి. ఉత్తర్వు అలాగే ఉంది.”

పిల్లలు తెలివైనవాళ్ళు. బోర్డు వైపు చూశారు, అక్కడున్న మొదటి మాట పట్టుకున్నారు. గది గదంతా ‘ఆమ్లం’ అని రాసి చేతులు దులుపుకుంది.

ఒక్క పైడితల్లి తప్ప. పైడితల్లి రెండో బెంచీలో కూర్చుంటుంది. వాళ్ళమ్మతో కలిసి బడికి ముందూ బడి తరవాతా చింతపండు పిక్క తీసే పిల్ల. ఆమె కాగితం నిండా రాసింది: “సార్, చింతపండు పిక్క తీస్తే వేళ్ళు మంటెత్తిపోతాయి. పొయ్యిలో బూడిద తెచ్చి రాసుకుంటే తగ్గుతుంది. బూడిదకి ఆ సంగతి ఎలా తెలుసు?”

తవిటినాయుడు ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. ఆమ్లం, క్షారం, ఒకదాన్నొకటి చల్లార్చుకోవడం, పాఠమంతా ఆ పిల్ల వేళ్ళ మీదే ఉంది.

“పైడితల్లీ, ఈసారి పాఠం నీ వేళ్ళ దగ్గర్నుంచే మొదలుపెడతాను,” అన్నాడు.

ఆ పిల్ల సిగ్గుపడి చేతులు బల్ల కిందకి దాచుకుంది.

మర్నాటికి విశ్లేషణ వచ్చింది. తెర మీద పెద్ద గుండ్రటి బొమ్మ, దాదాపు మొత్తం ఒకటే రంగు. కింద ఇలా ఉంది: ‘మీ విద్యార్థులలో తొంభై ఎనిమిది శాతం మందికి మిక్కిలి ఇష్టమైన రసాయనిక అంశం: ఆమ్లెట్.’

జరిగింది ఏమిటంటే, ఆ యాప్‌కి తెలుగు నేర్పినవాళ్ళు పాఠ్యపుస్తకాలు చదివించినట్టు లేదు. హోటళ్ళ మెనూ కార్డులు చదివించినట్టుంది. ‘ఆమ్లం’ అన్న మాట దానికి జన్మలో తగల్లేదు. పిల్లల గొలుసుకట్టు రాతలో ‘ఆమ్ల’ దాకా చదివి, మిగతాది మర్యాదగా తనే పూర్తి చేసింది.

మిగిలిన రెండు శాతం గురించి చివర్లో చిన్న అక్షరాలతో ఉంది: ‘అసంగత దత్తాంశం. శుద్ధి చేయబడినది.’ ఆ రెండు శాతం పైడితల్లి.

తవిటినాయుడు ట్యాబ్ పట్టుకుని హెడ్మిస్ట్రెస్ సుభాషిణి గారి గదికి పరిగెత్తాడు. ఆవిడ రిటైర్మెంటుకి దగ్గర్లో ఉన్నారు. ఈలోగా ఏ పై అధికారి కంటా పడకుండా గడిచిపోతే చాలునని రోజూ దణ్ణం పెట్టుకునే మనిషి.

“తప్పు చదివింది మేడమ్. ఆమ్లం అని రాస్తే ఆమ్లెట్ అనుకుంది.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పరిశీలనగా చూశారు. “సగం కరెక్టే చదివింది కదా మాస్టారూ.”

“మేడమ్, ఒకటి యాసిడ్డు. ఒకటి గుడ్డు.”

“ఆ తేడా నాకూ తెలుసు లెండి. నేను చెప్పేది లెక్కలే అయినా ఇంట్లో వంట చేసేది నేనే. జిల్లాకి ఫోన్ చెయ్యండి. నా పేరు మాత్రం ఎత్తకండి.”

జిల్లాలో దత్తాంశ సమన్వయాధికారి గోపీనాథ్ గారు. ఫోన్ ఎత్తడమే ఆయన ఉత్తర్వు చదువుతున్నట్టు మాట్లాడతారు.

“సవరణ గవాక్షం మూసివేయబడింది మాస్టారూ.”

“మా పిల్లలు రాసింది అది కాదండీ.”

“పిల్లలు ఏమి రాశారన్నది ప్రశ్న కాదు. ఏమి నమోదైందన్నది ప్రశ్న. యాప్‌లోకి ఆరోహణమైన మరుక్షణం దత్తాంశం మీ పాఠశాలది కాదు, జిల్లా ఆస్తి. జిల్లా ఆస్తి తప్పని చెప్పడానికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటి?”

“నేను వాళ్ళ మాస్టార్నండీ.”

“అది అభిప్రాయం. నేను దత్తాంశం అడుగుతున్నాను.”

తవిటినాయుడు మొండివాడు కాదు కానీ చెప్పినమాట మీద ఉండే మనిషి. యాప్ సంగతి పక్కన పెట్టి పాఠ్యప్రణాళిక తనకి తోచినట్టే రాశాడు. చింతపండుతో మొదలుపెట్టి, బూడిద మీదుగా లిట్మస్ కాగితం దాకా వెళ్ళి, పిల్లల కళ్ళముందు రంగు మారడంతో ముగించాడు. జిల్లాకి పంపాడు. ఒక పూట గడవకుండా తిరిగొచ్చింది.

‘తిరస్కరించడమైనది. కారణములు: ఒకటి, విద్యార్థుల ఆసక్తియగు ఆమ్లెట్ ప్రసక్తి ఎచ్చటనూ లేదు. రెండు, విద్యార్థులలో ఒక్కరికైననూ పరిచయము లేని ‘ఆమ్లం’ అను కఠిన పదమును పదేపదే వాడినారు. మూడు, లిట్మస్ పట్ల విద్యార్థుల ఆసక్తి శూన్యము. కావున లిట్మస్ కాగితముల కొనుగోలుకు అనుమతి లేదు.’

ఆమ్లాల పాఠంలోంచి ఆమ్లం తీసేసి రాయడం అలవాటు లేని పని. తవిటినాయుడు ఒక ఆదివారమంతా కూర్చున్నాడు. గుడ్డు పగలగొడితే భౌతిక మార్పు, పెనం మీద గట్టిపడితే రసాయనిక మార్పు. ఉప్పు లవణం. పచ్చిమిరపకాయ ఎందులోకి వస్తుందో తేలక ‘ఉత్ప్రేరకం వంటిది’ అని రాసి, సిగ్గుతో కలం మూశాడు.

ఈసారి జిల్లా దాన్ని తిరస్కరించలేదు. ‘ఆదర్శ పాఠం’గా ప్రకటించింది.

అక్కణ్ణుంచి పని వేగం అందుకుంది. మండల కేంద్రంలో మాస్టార్లందరికీ శిక్షణ పెట్టారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన అట్లకాడ పైకెత్తి చూపించి, “ఆమ్లెట్ తిరగవేయుట అనగా విషయాన్ని రెండో వైపు నుంచి చూచుట. దీనినే విమర్శనాత్మక ఆలోచన అంటాం,” అన్నారు. అందరూ రాసుకున్నారు.

భోజనాల దగ్గర తవిటినాయుడి పక్కన కూర్చున్న ఇంకో బడి మాస్టారు దిగులుగా ఉన్నాడు.

“మీది నయం గురూ. మా పిల్లలు ‘లవణం’ అని రాశారు. లవంగం వచ్చింది. బిర్యానీ పాఠం రాయమన్నారు.”

“రాశారా మరి?”

“రాస్తున్నాను. మా తోడల్లుడి బడిలో పిల్లలు ‘క్షారం’ రాశారు. యాప్ క్షవరం అని చదివింది. వాళ్ళకి తిరిగే కుర్చీ, నిలువుటద్దం, రెండు కత్తెర్లు మంజూరయ్యాయి. పాపం, సైన్సు మేడమ్ కంగారుపడుతున్నారు, మొదట ఎవర్ని కూర్చోబెట్టాలో తెలీక.”

పెదరాగిగుమ్మకి గ్యాస్ స్టవ్వు, పెనం, గుడ్లు కొట్టే గిన్నె వచ్చాయి. గుడ్డు తినని పిల్లల కోసం ‘సమ్మిళిత ఆమ్లెట్’ అనే పేరుతో పెసరట్టుకి అనుమతి వచ్చింది. రాష్ట్రం నుంచి సంయుక్త సంచాలకుల వారు స్వయంగా పాఠం చూడ్డానికి వస్తున్నారన్న కబురు వచ్చింది. దాంతోపాటు గోపీనాథ్ గారు ముందస్తు తనిఖీకి వచ్చారు.

ఆయన పిల్లల్ని లెక్కపెట్టి, యాప్ చూసుకుని, మళ్ళీ లెక్కపెట్టారు.

“ఒకరు ఎక్కువ ఉన్నారు.”

“పైడితల్లి అండి,” అన్నాడు తవిటినాయుడు. “ఆ రెండు శాతం.”

“ఆవిడ శుద్ధి అయిపోయింది కదా. ఈ పాఠం దత్తాంశం కలిగిన విద్యార్థుల నిమిత్తం రూపకల్పన చేయబడింది. దత్తాంశం లేని వ్యక్తి విన్నట్లయితే ఫలితాలు కలుషితమవుతాయి. పాఠం ముగిసే వరకు వరండాలో ఉంచండి.”

“వరండాలోకి కూడా వినబడుతుందండీ.”

“అయితే తలుపు వెయ్యండి.”

తవిటినాయుడు ఏదో అనబోయాడు. సుభాషిణి గారు వెనకనుంచి అతని చొక్కా కొస పట్టుకుని లాగారు.

పాఠం ఒక పూటదే. కానీ రిహార్సళ్ళు చాలా అయ్యాయి. రోజూ సైన్సు పీరియడ్‌కి పైడితల్లి పుస్తకాలు సర్దుకుని వరండాలోకి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చునేది. లోపల్నుంచి ఉల్లిపాయ వేగుతున్న వాసన వచ్చేది.

“సార్, నా పాఠం ఎప్పుడండీ?” అని అడిగింది ఒకసారి.

“ఇన్స్పెక్షన్ అయిపోనీ అమ్మా,” అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆ పిల్ల మొహం వైపు చూడలేదు.

ఆ వారంలోనే పైడితల్లి తల్లి సింహాచలం బడికి వచ్చింది. చీర కుచ్చిళ్ళకి చింత తొక్కలు అంటుకునే ఉన్నాయి.

“ఏటి బాబూ, మా పిల్లని ఎవరికో దత్తత ఇచ్చీసినారంట?”

“దత్తత కాదమ్మా. దత్తాంశం. దాంట్లో పైడితల్లి పేరు లేదు. అంతే.”

“అంటే మీకాడ దానికి పాఠం నేదు.”

“ఉందమ్మా. కొన్నాళ్ళు ఆగాలి.”

“సూడు బాబూ. నాను సదుంకోనేదు. గాని వరండాలో కూకోడానికి బడికి పంపక్కర్నేదని నాకు తెల్సు. చింతపండు నా ఇంట్లో కుప్పలుగా ఉన్నాది. మీకాడ దానికి పాఠం నేకపోతే నాకాడ దానికి పని ఉన్నాది. ఆ పెద్దోళ్ళెవలో వచ్చి ఎళ్ళిపోయే వరకూ సూస్తాను. తరవాత మాన్పించెస్తాను.”

ఆమె వెళ్ళాక తవిటినాయుడు చాలాసేపు పెనం కడుగుతూ ఉండిపోయాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

సంచాలకుల వారు వచ్చిన రోజు బడి పెళ్ళివారిల్లులా ఉంది. సుభాషిణి గారు స్వాగతానికి పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపించారు, మధ్యలో కర్పూరం వెలిగించారు. పాఠంలో ఉన్న పిల్లలందరూ లోపల వరసగా కూర్చోవాలి కాబట్టి, పాఠంలో లేని పిల్ల ఒకతే ఖాళీగా ఉంది కాబట్టి, పళ్ళెం పైడితల్లి చేతికిచ్చారు. దిష్టి తీశాక నీళ్ళు పారబోయబోతే ఆవిడ ఆపారు.

“ఉండవే. వెళ్ళేటప్పుడు కూడా తియ్యాలి. అలాగే పట్టుకుని నిలబడు.”

తలుపు వేశారు. పాఠం మొదలైంది. తవిటినాయుడు గుడ్డు కొట్టాడు, గిలక్కొట్టాడు, పెనం మీద పోశాడు. పిల్లలు రిహార్సల్ ప్రకారం ఆశ్చర్యపోయారు. సంచాలకుల వారు తృప్తిగా తలూపి, “అభ్యసన ఫలితం సువాసన రూపంలో వ్యక్తమవుతోంది,” అన్నారు. గోపీనాథ్ గారు అది రాసుకున్నారు. తరవాత ఇద్దరికీ పళ్ళేల్లో ఆమ్లెట్, పక్కన ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క పెట్టి ఇచ్చారు.

ఇంతలో సంచాలకుల వారికి ఫోన్ వచ్చింది. పళ్ళెం పట్టుకునే వరండాలోకి వచ్చి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి మాట్లాడుతూ, నిమ్మచెక్క పిండుకుని, తొక్క ఎక్కడ పడెయ్యాలా అని చూశారు. ఎదురుగా ఒక పిల్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. అందులో వేసేసి లోపలికి వెళ్ళిపోయారు.

తొక్క పడినచోట ఎర్రనీళ్ళు పసుపుపచ్చగా మారాయి.

పైడితల్లి కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. పళ్ళెం గట్టుమీద పెట్టి, ఆ నిమ్మతొక్కని ఇంకాస్త పిండింది. పసుపు రంగు ఇంకాస్త పాకింది. తలుపు సందులోంచి మెల్లిగా పిలిచింది.

“సార్. ఓపాలి రండి.”

తవిటినాయుడు అట్లకాడతోనే బయటికి వచ్చాడు. పళ్ళెం చూశాడు. పొయ్యి మీద ఇంకో ఆమ్లెట్ ఉందన్న సంగతి ఆ క్షణం నుంచి అతనికి గుర్తులేదు.

“ఎర్రనీళ్ళు ఎలా కలుపుతారు?” అన్నాడు.

“పసుపూ, సున్నం.”

“పసుపుకి సున్నం తగిలితే?”

“ఎర్రబడతాది.”

“సున్నం క్షారం. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. ఇప్పుడు నువ్వేం పిండావు?”

“నిమ్మకాయ. అది పులుపు.”

“పులుపుంటే ఆమ్లం ఉన్నట్టే. ఆ ఆమ్లం వెళ్ళి సున్నం బలం తీసేసింది. పసుపు మళ్ళీ పసుపైంది.”

పైడితల్లి పళ్ళెం వైపు చూసింది, తన వేళ్ళ వైపు చూసుకుంది. “చింతపండూ పులుపే కద సార్.”

“పులుపే.”

“అయితే బూడిద... సున్నం జాతిది.”

తవిటినాయుడు తలూపాడు. ఆ పిల్ల తనే అంది, “అందుకా మంట తగ్గుతాది,” అని. అని, నవ్వింది.

“చూపించవే,” అని వెనకనుంచి ఎవరో అన్నారు. కిటికీలోంచి చూసిన పిల్ల ఒకతి బయటికి వచ్చేసింది. ఆమె వెనక ఇంకొకరు. కాసేపటికి వరండాలో గుంపు చేరింది. ఒకడు లోపలికి పరిగెత్తి గోపీనాథ్ గారి పళ్ళెంలోంచి నిమ్మచెక్క అడిగి తెచ్చాడు. ఇంకొకతి వంటగదిలోంచి సున్నం తెచ్చి మళ్ళీ ఎర్రగా మార్చింది. గదిలో ఇద్దరు అధికారులూ, సుభాషిణి గారూ, మాడుతున్న ఆమ్లెట్ మిగిలారు.

సుభాషిణి గారు బయటికి వచ్చి పళ్ళెం చూసి గుండె పట్టుకున్నారు. “దిష్టి నీళ్ళు పచ్చబడ్డాయేమిటి? ఇది శుభమా, అశుభమా మాస్టారూ?”

“తటస్థం మేడమ్,” అన్నాడు తవిటినాయుడు.

ఆ మధ్యాహ్నమే పిల్లలకి చివరి పరీక్ష పెట్టారు. ‘ఈ పాఠం ద్వారా నీవు తెలుసుకొన్నదేమి?’ గోపీనాథ్ గారు పక్కనే నిలబడి చూస్తున్నారు కాబట్టి పిల్లలు ఇన్నాళ్ళ రిహార్సల్‌కి న్యాయం చేస్తూ ‘ఆమ్లెట్’ అని రాశారు. అయితే తవిటినాయుడు అంతకుముందు పెట్టిన ఫిర్యాదు ఒకటి ఎక్కడెక్కడో తిరిగి యాప్ తయారుచేసినవాళ్ళకి చేరింది. వాళ్ళు తప్పు సరిదిద్దారు. ఇక మీదట ‘ఆమ్లెట్’ అని కనబడితే ‘ఆమ్లం’ అని చదవమని దానికి నేర్పారు.

విశ్లేషణ వచ్చింది. పాఠానికి ముందు ఆమ్లం తెలిసినవారు శూన్యం. పాఠం తరవాత తొంభై ఎనిమిది శాతం. జిల్లాలో ఇంతటి ప్రగతి ఎన్నడూ నమోదు కాలేదని గోపీనాథ్ గారికి ప్రశంసాపత్రం వచ్చింది.

తవిటినాయుడికి మెమో వచ్చింది. ‘పరిశీలన సమయమున తరగతి గదిని విడిచి, వరండాలో దత్తాంశరహిత వ్యక్తికి అనధికార బోధన గావించినందులకు, మీ ప్రొబేషన్ ఏల పొడిగించరాదో సంజాయిషీ ఇచ్చునది.’

సుభాషిణి గారు మెమో చదివి, చాలా రోజుల తరవాత చురుగ్గా నవ్వారు. ముప్పయ్యేళ్ళు సర్కారు కాగితాల మధ్య బతికిన మనిషి.

“దీన్లోనే ఉందయ్యా మందు. రికార్డు ప్రకారం ఆ పిల్ల లేదు. లేని పిల్లకి పాఠం ఎలా చెప్తారు? ‘అట్టి విద్యార్థిని మా పాఠశాలలో లేదు’ అని ఒక్క ముక్క రాసెయ్యండి. మెమో దానంతటదే చస్తుంది. గోపీనాథ్ గారిక్కూడా అదే కావాలి. పొద్దున ఫోన్ చేశారు.”

“పిల్ల ఉంది కదా మేడమ్.”

“ఉంటే ఉంది. ఎవరు కాదన్నారు? కాగితం మీద లేదనమంటున్నాను.”

తవిటినాయుడు స్టాఫ్ రూములో కూర్చుని కాగితం ముందు పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. ఊళ్ళో అమ్మ రోజూ అడుగుతూనే ఉంది, ఉద్యోగం గట్టిపడిందా నాయనా అని. కిటికీలోంచి చూస్తే పైడితల్లి రెండో బెంచీలో కూర్చుని ఉంది. వరండా పాఠం రోజు ఇంటికెళ్ళి వాళ్ళమ్మ ముందు చింతపండు నీళ్ళూ, బూడిదా, పసుపూ పెట్టుకుని ఏదో చేసి చూపించిందట. సింహాచలం చూసి, “ఇది బళ్ళో సెప్పినారా?” అని అడిగిందట. ఔనంటే, “అయితే ఎళ్ళు,” అందట.

ఆ ‘ఔను’ ఇప్పుడు ఇతని చేతిలో ఉంది.

తవిటినాయుడు రాశాడు: ‘పైడితల్లి ఉంది. పదో తరగతి, రెండో బెంచీ. ఆమెకి పాఠం చెప్పిన మాట నిజమే. మిగతా పాఠాలు కూడా చెప్తాను.’ కింద సంతకం పెట్టి, హెడ్మిస్ట్రెస్ గారికి కనబడకుండా తనే పోస్టు చేసి వచ్చాడు.

ప్రొబేషన్ ఒక ఏడాది పొడిగించారు. ఆ ఉత్తర్వు చివర ఒక వాక్యం ఉంది: ‘పైడితల్లి అను విద్యార్థిని ఉన్నదను తమ వివరము దత్తాంశముతో సరిపోలనందున పరిగణనలోనికి తీసుకొనబడలేదు.’

అంచేత ఇది చదివినవాళ్ళని ఒక్కటి అడగాలి. పెద్ద పనేం కాదు, ఫొటో తియ్యక్కర్లేదు, ఎక్కడా ఎక్కించక్కర్లేదు. పెదరాగిగుమ్మ హైస్కూల్లో పైడితల్లి అని ఒక పిల్ల ఉంది. రోజూ బడికి వస్తోంది, ప్రశ్నలు అడుగుతోంది. ఏ లెక్కలోనూ లేదు కాబట్టి, కాస్త మీరైనా గుర్తుపెట్టుకోండి.